సుస్తి అన్న మాట

మేడ్చల్,
8 సెప్టెంబర్ 2025

ఖాలాకు షిరీన్ సలాం,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని ఆశ్చర్యపోతావు. ఫోన్ వెలుగు రెండు నిమిషాలు చూస్తే చాలు, కళ్ళ వెనక నుంచి మెడ దాకా లాగేస్తోంది. ఐదు నిమిషాలు మాట్లాడితే ఆ పూటంతా పడకే. పెన్సిలుతో అయితే నాలుగు వాక్యాలు రాసి పక్కన పెట్టొచ్చు, ఓపిక వచ్చాక ఇంకో నాలుగు. ఈ ఉత్తరం మొదలుపెట్టి ఇవాళ్టికి ఆరు రోజులు. నువ్వూ ఉత్తరమే రాయి. నీ గొంతు సంగతి నీకు తెలుసు కదా, శామీర్‌పేట నుంచి ఫోన్ లేకపోయినా వినపడుతుంది.

డెంగీ తగ్గి పద్నాలుగు నెలలైంది. జ్వరం పోయింది గానీ నేను మాత్రం మామూలు మనిషిని కాలేదు. తలస్నానం చేస్తే రెండు రోజులు, చుట్టాలొచ్చి గంట కూర్చుంటే మూడు రోజులు లేవలేను. తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం మానేశాను. పూటకి యాభై రక్తపు గొట్టాల్లోంచి డీఎన్ఏ తీసిన చేతులు ఇప్పుడు జడ అల్లుకోలేకపోతున్నాయి. డ్యూటీ నుంచి నేరుగా మీ ఇంట్లో దిగి నీ ఖట్టీ దాల్ తిన్న రోజులు గుర్తొస్తాయి. నా కోసమని అబ్బా మధ్యాహ్నం గిర్ని ఆపేస్తున్నారు. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు విసుక్కుంటూ వెళ్ళిపోతున్నారు.

పోయిన నెల అల్వాల్‌లో స్రవంతి అనే డాక్టర్‌కి చూపించాం. ఇంతకు ముందు నలుగురు డాక్టర్లు రిపోర్టులు బాగున్నాయి, పెళ్ళి చేయండి అన్నారు. ఈమె ఒక్కతే గంటసేపు కూర్చుని అడిగింది. దీనికి పేరుందట, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. పడుకుంటే పోయే అలసట కాదిది. చివర్లో ఆమె, "మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్ల ఉండెనా? కొన్ని కుటుంబాలల్ల ఎక్కువ కనవడ్తది" అంది. అబ్బా ఆలోచించకుండానే "ఎవ్వలకు లేదమ్మా" అన్నారు.

నాకు అమ్మీ గుర్తొచ్చింది. నాకు పదకొండేళ్ళప్పుడు పోయింది కదా, గుర్తున్నది తక్కువే. కళ్ళ మీద ఓణీ కప్పుకుని, గోడవైపు తిరిగి చాప మీద పడుకునేది. నేను బడి నుంచి వస్తే సంచీ చప్పుడు కాకుండా పెట్టమనేది. దాదీ కావాలనే గిన్నెలు గట్టిగా పెట్టేది. ఇంట్లో అందరూ అమ్మీని సుస్త్ అన్నారు, బద్ధకస్తురాలన్నారు. మూడో క్లాసులో టీచర్ "మీ అమ్మ ఏం జేస్తది?" అంటే నేను "పండుకుంటది" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను ఖాలా.

ఇప్పుడు అదే గదిలో, అదే గోడవైపు తిరిగి, కళ్ళ మీద ఓణీ కప్పుకుని పడుకుంటున్నాను. నువ్వు ఆమెకు ఒక్కగానొక్క చెల్లెలివి. నిజం చెప్పు. అమ్మీది బద్ధకమేనా?

నీ
షిరీన్


శామీర్‌పేట,
17 సెప్టెంబర్ 2025

షిరీన్ బేటీ,

నీ ఉత్తరం చూసి పోస్ట్‌మ్యాన్ కన్నా నేనే ఎక్కువ కంగారుపడ్డాను. ఈ ఇంటికి కరెంటు బిల్లు తప్ప కాగితం వచ్చి ఎన్నేళ్ళైందో. మనం మాట్లాడేది దక్కనీ, రాసేది తెలుగు. ఎనిమిదో క్లాసు తర్వాత పెన్ను పట్టింది ఇదే, తప్పులుంటే నవ్వుకో. నవ్వితే ఒంటికి మంచిది.

ముందు శుభవార్త. నౌషీన్ సంబంధం దాదాపు కుదిరింది. బౌరంపేట వాళ్ళు. అబ్బాయి వసీమ్, ఏసీలు బిగించే పని. తల్లి కొంచెం అడిగే మనిషి. వంట వచ్చా, కళ్ళజోడు ఉందా, ఇంట్లో ఎవరికైనా షుగరుందా, అన్నీ అడిగింది. మీ నానీ, అదే మా అమ్మీ, పక్కనుంచి "గాడిదను కొన్నట్టు పండ్లు గూడ సూడు" అని గొణిగింది. నయం, ఆమెకు వినపడలేదు.

ఇక నువ్వు అడిగింది. మన రక్తంలో ఏ రోగమూ లేదు, రాసిపెట్టుకో. ఆపా కొంచెం సుస్త్, అంతే. మా అందరిలో తెల్లగా, నాజూగ్గా ఉండేది, పని అలవాటు లేదు. పోయినవాళ్ళ గురించి ఇంతకన్నా అనకూడదు. ఎంత పనిచేయకపోయినా నా అక్కే కదా.

నువ్వు మాత్రం అలా కావొద్దు. పొద్దున్నే లేచి చెరువు కట్ట మీద నడు. మూడు రోజులు ఒళ్ళు నొప్పులుంటాయి, నాలుగో రోజుకి అలవాటవుతుంది. ఇంకో మాట. ఈ రక్తం గొడవ, వంశం గొడవ బయట ఎవరి దగ్గరా ఎత్తకు. నౌషీన్ నిఖా అయ్యేదాకా అయినా.

నీ పేరు చెప్పి దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేశాను. ఘాటే రాలేదు, ఎంత దిష్టో చూడు.

నీ ఖాలా
తస్లీమ్


మేడ్చల్,
9 అక్టోబర్ 2025

ఖాలా,

నడిచాను. నువ్వు చెప్పినట్టే మూడు రోజులు. నాలుగో రోజు కట్ట మీద కూర్చుంటే మళ్ళీ లేవలేకపోయాను. అబ్బా గిర్ని ట్రాలీ తెచ్చి గోధుమ బస్తాల మధ్య పడుకోబెట్టి ఇంటికి చేర్చారు. ఆ రోజు నుంచి కూర్చోలేకపోతున్నాను. అందుకే అక్షరాలు ఇలా కిందికి జారుతున్నాయి, పడుకుని రాస్తున్నాను. డాక్టర్ కోప్పడింది, శక్తికి మించి కదిలితే ఈ జబ్బు ముదురుతుందట.

నీ మీద కోపం లేదు. నాకూ నడవాలనే ఉండింది. ఇది బద్ధకమే అయితే నన్ను నేను తిట్టుకుని లేచిపోవచ్చు కదా అనుకున్నాను.

నౌషీన్ గురించి నువ్వు భయపడకు. డాక్టర్ చెప్పింది, నాకు తెలిసినది కలిపి రాస్తాను. ఆ మధ్య విదేశంలో ఈ జబ్బున్న వేలమంది ఉమ్మి తీసుకుని జన్యువులు చూశారట. జబ్బు లేనివాళ్ళతో పోలిస్తే ఎనిమిది చోట్ల తేడా కనిపించిందట. ఒక్కోటీ చాలా చిన్న తేడా. ఏ ఒక్కటీ దానంతటదే జబ్బు తేదు. జ్వరం లాంటిదేదో వచ్చి వెళ్ళాక కొందరి ఒళ్ళు మళ్ళీ సర్దుకోలేకపోతుంది, వాళ్ళు ఎవరన్నదాంట్లో రక్తానికీ కొంత పాత్ర ఉండొచ్చు, అంతే. తల్లికి ఉంటే బిడ్డకు తప్పక రావాలని లేదు, అక్కకూతురికి ఉంటే చెల్లెలి కూతురికి రావాలని అసలే లేదు. ఎవరికి వస్తుందో చెప్పే పరీక్ష కూడా లేదు. ఇన్ని గొట్టాలు చూసిన నేను నా గొట్టంలో ఏముందో చూసుకోలేను.

మా పక్కింటి జయమ్మ నిన్న వచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది. "మీ అమ్మకు గూడ సుస్తి ఉండె బిడ్డ, అచ్చం నీ లెక్కనే" అని కళ్ళు తుడుచుకుంది. పరాయి మనిషికి తెలిసింది. ఇక నువ్వు దాచడమెందుకు?

చెయ్యి ఆడటం లేదు.

షిరీన్


శామీర్‌పేట,
16 అక్టోబర్ 2025

షిరీన్,

జయమ్మ కూడా అదే మాట అంది కదా, సుస్తీ అని! నేనన్నదీ అదే. మరి నేనేదో దాచానంటావేం? అక్క బద్ధకాన్ని దాచుకోవడానికి నాకు పెట్టెలు లేవు.

బౌరంపేట నుంచి వసీమ్ తల్లి వచ్చింది. చాయ్ కూడా తాగకుండా "మీ అక్కబిడ్డ మంచం దిగుతలేదట గదా? మీ రక్తంల ఉన్నదట గదా?" అంది. నేను నీకేం రాశాను? ఎవరి దగ్గరా ఎత్తకు అన్నానా లేదా? నౌషీన్‌కు ఇరవై మూడేళ్ళు. ఈ సంబంధం పోతే, రక్తం మంచిది కాదన్న మాట దానికంటే ముందు ప్రతి ఇంటికీ పోతుంది. నీకు దాని మీద అసూయ అని నేననను. కానీ నోరు అదుపులో పెట్టుకోవాల్సింది.

మీ నానీ విని ఏమందో తెలుసా? "మా జైసీచ్ బేటీ" అంది, తల్లిలాగే బిడ్డ అని. ఆమె ఎదుట నీ పేరు ఎత్తడం మానేశాను.

పెళ్ళయ్యేదాకా ఇక ఈ విషయం రాయకు.

తస్లీమ్


మేడ్చల్,
2 నవంబర్ 2025

ఖాలా,

ఇదొక్కటి రాసి ఆపేస్తాను.

నేనెవరికీ చెప్పలేదు. బౌరంపేట వాళ్ళు కూడా అబ్బా గిర్నికి జొన్నలు తెస్తారు. మధ్యాహ్నం ఎందుకు బందు పెడుతున్నావని అడిగారట. "అడిగిన్రు, డాక్టరమ్మ అన్నది చెప్పిన. బిడ్డకు బాగలేదంటే అది గూడ తప్పేనా?" అన్నారు అబ్బా. ఆయన్ని ఏమీ అనకు. ఈ మధ్య ఆయన గిర్నిలో ఒక్కరే కూర్చుని ఏడుస్తున్నారు.

రెండో సంగతి. జయమ్మ అన్న సుస్తి, నువ్వు అన్న సుస్తీ ఒకటి కాదు. మనం ఇంట్లో సుస్తీ అంటే బద్ధకం. జయమ్మ తెలుగులో సుస్తి అంటే జబ్బు. నాకే అనుమానం వచ్చి మళ్ళీ పిలిపించి అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"పెండ్లైన తెల్లారి ఏడాది మస్తు జెరమొచ్చింది మీ అమ్మకు. జెరం తగ్గినంక గూడ మనిషి కోలుకోలె. నల్లా కాడికెళ్ళి ఒక్క బిందె తేవాలంటె నాలుగుసార్లు కూసుంటుండె. ఎల్తురు సూస్తె కండ్లు మూసుకుంటుండె. ఒకదినం చిట్టీ రాసి నాకిచ్చింది, డబ్బాల ఎయ్యమని. 'సుస్తి ఎక్కువైంది, వచ్చి తీసుకపోండ్రని రాసిన జయక్కా' అన్నది. దినాం దర్వాజ కాడ కూసొని సూసింది. జవాబొచ్చిననాడు సదివి మడిచి రైకల పెట్టుకున్నది. గంతే, మల్ల అమ్మగారింటి ఊసెత్తలె."

ఖాలా, ఆ చిట్టీ మీకు చేరిందా? ఆ జవాబు ఎవరు రాశారు? అందులో ఏముంది?

అమ్మీ పోయేముందు మూడు రోజులు జ్వరంతో మూలిగింది. రోజూ పడుకునేదే కదా అని ఎవరూ లేచి చూడలేదు. నాలుగో రోజు ఆసుపత్రికి తీసుకెళితే నిమోనియా, ఆలస్యమైంది అన్నారు. ఆమెకున్న ఆ బద్ధకస్తురాలన్న పేరే లేకపోతే మొదటి రోజే తీసుకెళ్ళేవాళ్ళు. నేను డాక్టర్ కాగితంలో రాయించడానికి అడగడం లేదు. అమ్మీ మీద నుంచి ఆ పేరు తీసేయాలని అడుగుతున్నాను.

షిరీన్


శామీర్‌పేట,
21 నవంబర్ 2025

షిరీన్, నా తల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చించేశాను.

చిట్టీ చేరింది. నానీ ఇనప్పెట్టెలో, ఆపా నిఖా కాగితం కింద ఉంది. నీ ఉత్తరం చదివాక బయటకు తీశాను. 1998, ఆగస్టు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఇంట్లో తెలుగు చదవడం వచ్చినది నాకొక్కదానికే. ఆపా చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఈ చిట్టీలో మాత్రం నీ రాతలాగే గీతలు కిందికి జారాయి. ఇలా ఉంది:

"అమ్మీకి సలాం. నాకు సుస్తి ఎక్కువైంది. లేవలేకపోతున్నా. వచ్చి తీసుకుపోండి. కొన్నాళ్ళు పడుకోనిస్తే చాలు. - సాలేహా"

మా అమ్మీ, అంటే మీ నానీ, బియ్యం ఏరుతూ "క్యా లిఖీ?" అంది, ఏం రాసిందని. నేను చదువుతూ దక్కనీలోకి మార్చి చెప్పాను. సలాం మార్చాల్సిన పనిలేదు. సుస్తి కూడా మన మాటే కదా అనుకున్నాను, మార్చలేదు. "ఆపా కూ సుస్తీ జ్యాదా హోగయీ కతే. ఆకో లేకో జావ్ బోల్‌రై. పడ్‌కో రహ్‌నా కతే" అన్నాను. మన మాటలో జబ్బుకు బీమార్ అనాలి. ఒక్క మాట, షిరీన్. బీమార్ అని ఉంటే అమ్మీ ఆ బియ్యం చేట అక్కడే పడేసి బస్సెక్కేది.

అమ్మీ ఏం విందో తెలుసా? కూతురికి బద్ధకం ఎక్కువైంది, పుట్టింట్లో పడుకోవడానికి వస్తానంటోంది అని విన్నది. అత్తగారింటి ముందు పరువు పోయిందని మండిపడింది. జవాబు రాయమంది. ఆమె దక్కనీలో చెప్పింది, నేను తెలుగులో రాశాను. అక్కడ కూడా ఆ మాటను అలాగే ఉంచాను. నా చేత్తో రాశాను: "సుస్తీ ఉన్న దానికి మా ఇంట్లో చోటు లేదు. అక్కడే ఉండు."

ఆపా దాన్ని తెలుగులో చదివింది. జబ్బు చేసిన దానికి మా ఇంట్లో చోటు లేదని చదివింది.

తల్లి తన బద్ధకాన్ని తిట్టిందని కాదు, జబ్బుపడితే వద్దందని అనుకుంటూ పదమూడేళ్ళు బతికింది. ఈద్‌కు వచ్చినప్పుడు కూడా సాయంత్రానికి వెళ్ళిపోయేది. ఉండమంటే "ఇక్కడ చోటు లేదు కదా" అని నవ్వేది. ఎత్తిపొడుపు అనుకుని నేను మూతి ముడుచుకునేదాన్ని. నా రాతే ఆమె నోట్లో ఉందని నాకేం తెలుసు?

నీకు మొదటి ఉత్తరంలో అబద్ధం రాశాను. ఆపా అలసట బద్ధకం కాదేమోనని నాకు ఎప్పుడో అనిపించింది. నౌషీన్ కోసం నోరు మూసుకున్నాను. నిన్ను నడవమన్నదీ నేనే. తల్లికి నా కలంతో, బిడ్డకు నా సలహాతో కీడు చేశాను. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు.

మొన్న నేనే బౌరంపేట వెళ్ళి వసీమ్ తల్లికి అంతా చెప్పాను. నౌషీన్ కూడా వెంట వచ్చింది. "నా ఖాలా సుస్త్ కాదు, మీరు చేసుకున్నా చేసుకోకున్నా గీ మాట ఇనుండ్రి" అని అదే మొదలుపెట్టింది. ఆలోచించి చెప్తామన్నారు. ఇంకా ఏమీ అనలేదు.

ఇప్పుడు ఒక్కటే భయం. నానీకి ఎనభై దగ్గరపడ్డాయి. ఇది చెబితే తట్టుకుంటుందా? చెప్పకపోతే రోజూ ఆపాను ఆ మాటే అంటుంది. నువ్వేది చెబితే అది చేస్తాను.

తస్లీమ్ ఖాలా


మేడ్చల్,
3 డిసెంబర్ 2025

ఖాలా,

ఎక్కువ రాయలేను. ఇప్పుడు ఒక చెంచా కూడా అబ్బానే ఎత్తి పెడుతున్నారు.

నువ్వు పద్నాలుగేళ్ళ పిల్లవి. అది గుర్తుపెట్టుకో.

నానీకి ఆ చిట్టీ మళ్ళీ చదివి వినిపించు. ఈసారి ఆ మాట మార్చి చదువు. అమ్మీ చాలా రోజులు జవాబు కోసం చూసింది.

షి


శామీర్‌పేట,
12 డిసెంబర్ 2025

షిరీన్,

చదివాను. బీమార్ అని చదివాను.

నానీ చిట్టీ తీసుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి "ఏది ఆ మాట?" అంది. చూపించాను. వేలు అక్కడే పెట్టి కూర్చుంది. తర్వాత "కాగజ్ లా. జవాబ్ లిఖ్" అంది. అమ్మీ, ఆపా లేదు కదా అన్నాను. "నేను పిచ్చిదాన్ని కాదు. నా బిడ్డ పోయిందని నాకు ఎరుకే. చిట్టీ వచ్చింది, జవాబు పోవాలె" అంది.

రాశాను. ఈసారి ప్రతి మాటా అర్థం చెప్పి, సరేననిపించుకుని తెలుగులోకి మార్చాను. పంపాల్సిన చిరునామా మీదే, అదే ఇల్లు, అదే గది. మీ అబ్బాను చదవమను, నువ్వు కళ్ళు మూసుకుని విను.

*

సాలేహా,

నీ చిట్టీ అందింది. జవాబు ఆలస్యమైంది. తప్పు నీ చెల్లెలిది కాదు, నాది. నువ్వు చిన్నప్పుడు ఎప్పుడూ ఊరికే పడుకున్న పిల్లవి కాదు. చిట్టీ విన్నప్పుడు నాకు అది గుర్తు రావాల్సింది. మాట వినపడింది గానీ నువ్వు వినపడలేదు.

పాత జవాబు చించెయ్యి. అది నీకు రాసింది కాదు.

నేను రేపే వస్తున్నాను. బస్సులో నిన్ను కూర్చోబెట్టను. ఎడ్లబండి మాట్లాడి గడ్డి ఎక్కువ వేయించి, దాని మీద బొంత పరిపిస్తాను. పడుకునే రావచ్చు. మీ అత్తతో నేను మాట్లాడతాను, నువ్వు ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

వెనక గది నీదే. కిటికీకి దుప్పటి కట్టాను. తస్లీమ్ అరవదు, గిన్నెలు నేను చప్పుడు చేయను. అన్నం కలిపి నోట్లో పెడతాను. నువ్వు పడుకో. ఎన్నాళ్ళైనా పడుకో. నీ బిడ్డను కూడా తెచ్చుకో, ఇద్దరికీ చోటుంది.

ఎవరైనా వచ్చి ఏమైందని అడిగితే, నా బిడ్డకు సుస్తి చేసిందని చెప్తాను. తెలుగులోనే చెప్తాను.

అమ్మీ
(వేలిముద్ర)